కంపెనీ వీథి, పౌరుని నోరు

అమెరికా దక్షిణ భాగమున, అలబామా రాష్ట్రములో, మొబీల్ నగరమును ఆనుకొని చికసా అను చిన్న పట్టణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధము సాగుచున్న దినములలో దానిని చూచిన పరదేశికి అది తక్కిన పట్టణములకంటె భిన్నముగా తోచియుండదు. ఇండ్లు, వీథులు, మురుగు కాలువలు, వరుసగా దుకాణములు, ఆ వరుసలోనే తపాలా కార్యాలయము, దాని ముందర జనులు నడచు కాలిబాట, అన్నియు ఊరికి ఉండవలసినట్లే ఉండెను. అయితే ఆ ఇండ్లును, ఆ వీథులును, ఆ కాలిబాటయును గల్ఫ్ షిప్‌బిల్డింగ్ కార్పొరేషన్ అను ఓడల నిర్మాణ సంస్థ సొత్తు. ఆ వీథులలో కాపలా తిరుగు పోలీసు ఉద్యోగికి జీతమిచ్చునదియు ఆ సంస్థయే. 1943లో యెహోవా సాక్షుల మతశాఖకు చెందిన గ్రేస్ మార్ష్ అను స్త్రీ తపాలా కార్యాలయమునకు కొన్ని అడుగుల దూరమున నిలిచి తమ మత సాహిత్యమును పంచుచుండగా, అనుమతి పత్రము లేనిదే ఇచ్చట పంచరాదనియు, అడిగినను ఆ అనుమతి లభింపదనియు ఆమెకు చెప్పిరి. ఆమె కదలలేదు. పరుల స్థలములో, పొమ్మన్న పిదపను నిలిచియుండుట నేరమని చెప్పు చట్టము క్రింద ఆమెను అరెస్టు చేసిరి.

విచారణలో కంపెనీ పక్షమున వచ్చిన వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. నా యింటి గడప ఎవరు దాటవలెనో నిర్ణయించువాడను నేనే గదా, నా పెరటిలో నిలిచి కాగితములు పంచువానిని పొమ్మనుటకు నాకు గల హక్కు నా ఆస్తి పెద్దదైనంత మాత్రమున ఏల తరిగిపోవలెను, అని దాని సారము. 1946 జనవరి 7న అమెరికా సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, ఈ వాదమును నిరాకరించినది. మెజారిటీ పక్షమున తీర్పు వ్రాసిన హ్యూగో బ్లాక్ ఆశయమేమనగా, యజమాని తన ప్రయోజనము కొరకే తన స్థలమును ప్రజల రాకపోకలకు ఎంతెంతగా తెరచునో, అంతంతగా ఆ ప్రజల హక్కులు అతని స్వామ్యమునకు హద్దులు గీయును. కంపెనీ ఊళ్లలో కాపురముండువారును దేశములోని తక్కిన పౌరులవంటి పౌరులే. వారి కంటబడవలసిన భావములేవి, పడరానివేవి అని ఏర్చి కూర్చు అధికారము ఇంటి దస్తావేజుతోపాటు రిజిస్టరు కాదు. (దస్తావేజు మాట నాది, బ్లాకుగారిది కాదు.)

ఆ తీర్పు దీర్ఘాయువు గలదే గాని సంతానము లేనిదైనది. 1968లో పెన్సిల్వేనియాలోని ఒక వాణిజ్య కేంద్రమునకు ఆ సూత్రమును విస్తరింపజేసిన న్యాయస్థానమే, 1972లో పోర్ట్‌లాండ్ నగరమున వియత్నాం యుద్ధమునకు వ్యతిరేకముగా కరపత్రములు పంచినవారి వ్యాజ్యములో వెనుకకు తగ్గి, 1976 నాటికి తన 1968 తీర్పు ఇక చెల్లదనియే తేల్చినది. కాలిఫోర్నియా తన రాష్ట్ర రాజ్యాంగము ద్వారా అట్టి హక్కును పౌరులకు ఇచ్చుకొనినచో యజమాని ఆస్తిని అపహరించినట్లు కాదని మాత్రము 1980లో, ప్రూన్‌యార్డ్ అను అంగళ్ల సముదాయమునకు సంబంధించిన వ్యాజ్యములో, ఒప్పుకొనినది.

క్రిందటి వేసవిలో హైదరాబాదులో ఒక మాల్ ముందర నేను చూచిన దృశ్యమొకటి ఈ తీర్పుల నడుమ నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండును. గడ్డము నెరసిన పెద్దమనిషి యొకడు, తమ బస్తీకి మంచినీరు రాకుండుటను గూర్చి అచ్చువేయించిన కాగితముల కట్టను చంకనిడుకొని, మెట్లవద్ద ఇద్దరు ముగ్గురికి ఇచ్చెనో లేదో, నీలి చొక్కా తొడిగిన గార్డు వచ్చి, "పెద్దాయనా, ఇక్కడ పంచొద్దు, మేనేజరు చూస్తే నన్ను తిడతాడు, బయటికెళ్లి పంచుకోండి" అని బతిమాలుకొనెను. గార్డు మర్యాదస్థుడే. ముసలాయన మారుమాటాడక మెట్లు దిగి, మురుగు కాలువ మూతకును అడ్డముగా నిలిపిన మోటారుసైకిళ్లకును నడుమ మిగిలిన జానెడు చోట నిలిచెను. ఆ జానెడు చోటు మునిసిపాలిటీది గనుక ఆయన నోటికి ఇంకను తావు మిగిలినది. ఊరంతయు మాల్ అయిననాడు ఆ జానెడు ఎక్కడ దొరకును?

ప్రైవేటు చేతిలోని అధికారము మనుష్యుని హక్కులను హరింపగలదా అను మీమాంసను తెలుగువారికి, అందులో తెలంగాణమువారికి, ఎవరును క్రొత్తగా బోధింప నక్కరలేదు. నిజాము రాజ్యములో పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కచేరి ఉండెడివి. 1949లో జాగీర్లు రద్దగువరకు ఆ గ్రామముల ప్రజలకు సర్కారనిన జాగీర్దారే. వెట్టి చేయించుకొనిన దొర ప్రభుత్వోద్యోగి కానక్కరలేదు. గడీ ముందర చెప్పులు చేతబట్టుకొని నడచిన మనిషితో, ఈ నియమము ఏ ఫర్మానాలోను లేదు, ఇది దొరగారి సొంత ఏర్పాటు మాత్రమే, కావున నీ హక్కునకు భంగము కలుగలేదు అని చెప్పి ఏ ప్లీడరైనను ఒప్పింపగలడా? రాజ్యము చేయి వేయనిదే స్వేచ్ఛకు లోటు రాదను సిద్ధాంతము, రాజుకంటె బలవంతుడగు మనిషి ఊరిలో లేని దేశములో పుట్టిన సిద్ధాంతము.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సంగతి ఎరుగుదురు. ప్రాథమిక హక్కులలో అధికభాగము రాజ్యమును ఉద్దేశించి వ్రాసినను, కొన్నిచోట్ల వారు నేరుగా పొరుగువానివైపు వేలు చూపిరి. 17వ అధికరణము అస్పృశ్యతను ఎవరు పాటించినను నిషేధించినది. 23వది వెట్టిని, 24వది కర్మాగారములలో బాలల కూలిని, యజమాని ఎవరైనను, వారించినవి. 15వ అధికరణములోని రెండవ ఉపవాక్యము దుకాణములు, భోజనశాలలు, హోటళ్లు, బావులు, చెరువులు మున్నగువాని ప్రవేశమునకు కులమతాదులు అడ్డు కారాదనినది. దుకాణమనగా నేమి అను ప్రశ్న రాజ్యాంగ సభలో రాగా, డబ్బు పుచ్చుకొని సేవ చేయు ప్రతి చోటును ఆ మాటలో ఇమిడియున్నదని అంబేద్కరు విశాలార్థమును చెప్పిరి. ఆ అర్థమునే పట్టుకొని 2011లో సుప్రీంకోర్టు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వ్యాజ్యములో, ప్రైవేటు వృత్తి విద్యాలయములు సైతము ఆ దుకాణముల కోవలోనివే అనినది. ఆ తీర్పు వ్రాసినది మనవాడగు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. 1982లోనే, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణములలో కాంట్రాక్టర్ల క్రింద చాకిరి చేసిన కూలీల వ్యాజ్యములో, ఈ మూడు అధికరణములు, అనగా 17, 23, 24, ప్రైవేటు వ్యక్తులపైనను అమలగునని న్యాయస్థానము స్పష్టము చేసియుండెను.

అన్నము, నీరు, కూలి, చదువు విషయములలో ఇంత ముందుచూపు చూపిన రాజ్యాంగము వాక్కు విషయమున ఏమనుచున్నది? 19వ అధికరణము పౌరులకు వాక్స్వాతంత్ర్యము కలదని మాత్రము చెప్పి, ఎవరికి వ్యతిరేకముగా కలదో చెప్పక విడిచినది. ఆ ఖాళీని న్యాయస్థానములు చాలకాలము 12వ అధికరణముతో పూరించుచు వచ్చినవి: ఎదుటి పక్షము రాజ్యమో, రాజ్యపు పనిముట్టో అయిననే హక్కు. ఈ కొలబద్ద ఎంత విచిత్రముగా పనిచేయునో చూడవలెనన్న జీవిత బీమా సంస్థకును మనూభాయి షాకును నడచిన వ్యాజ్యమును చూడవలెను. అహమ్మదాబాదులో వినియోగదారుల సంస్థను నడిపిన ఈ షాగారు బీమా సంస్థ పాలసీదారులను మోసగించుచున్నదని 1978లో ఒక అధ్యయన పత్రమును ప్రకటించిరి. సంస్థ పెద్దలలో ఒకరు దానికి ఖండనము వ్రాయగా 'హిందూ' దినపత్రిక అచ్చువేసినది. షాగారి ప్రతిఖండనమును కూడ ఆ పత్రికయే అచ్చువేసినది. ఇంతవరకు సబబుగానే ఉన్నది. పిమ్మట బీమా సంస్థ తన 'యోగక్షేమ' అను సొంత పత్రికలో తమవారి ఖండనమును మాత్రము పునర్ముద్రించి, షాగారి సమాధానమును వేయుమని కోరగా, ఇది మా యింటి పత్రిక అని నిరాకరించినది. 1992లో సుప్రీంకోర్టు, ప్రజల సొమ్ముతో నడచు సంస్థ ఒక పక్షమును వినిపించి రెండవ పక్షమును మూసివేయరాదనియు, అది షా వాక్స్వాతంత్ర్యమునకు భంగమనియు తీర్పు చెప్పినది.

మంచి తీర్పు. అయితే ఒకటి గమనింపుడు. ఈ గాథలో ఇరుపక్షములకును చోటిచ్చినది ప్రైవేటు పత్రిక. చోటు నిరాకరించినది ప్రభుత్వ సంస్థ. యజమానిని బట్టి గుణము నిర్ణయించువారికి ఇది కొంచెము ఇబ్బంది కలిగింపవలెను. ఇంకను ఒకటి. ఈ సంగతి జరుగు నాటికి జీవిత బీమా దాదాపు అంతయు ఆ ఒక్క సంస్థ చేతిలోనే ఉండెను. నేడు పదుల సంఖ్యలో ప్రైవేటు బీమా కంపెనీలున్నవి. రేపు వానిలో నొకటి అక్షరాల అదే పని చేసినచో, అదే పాలసీదారు, అదే ఫిర్యాదు, అదే ఏకపక్ష పత్రిక అయినను, వెనుకటి సూత్రము ప్రకారము షాగారికి కోర్టు గడప సైతము దొరకదు. పాలసీదారునికి కలిగిన నష్టములో వాసియేమైన కలదా?

ఈ కొలబద్దను మార్చుటకు న్యాయస్థానము 2023 జనవరి 3న ప్రయత్నించినది. ఒక మంత్రి నోటిదురుసు మాటతో మొదలైన కౌశల్ కిశోర్ వ్యాజ్యములో అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు, 19, 21 అధికరణముల హక్కులు రాజ్యేతరులపైనను అమలు చేయదగినవే అనిరి. జస్టిస్ నాగరత్న ఒక్కరే విభేదించి, పౌరునికి పౌరునికి నడుమ తగవులకు సాధారణ న్యాయస్థానములును సాధారణ చట్టములును ఉండగా రాజ్యాంగ న్యాయస్థానములను ఆ పనిలోనికి లాగవలదనిరి. నా మనస్సు ఫలితములో నలుగురితోను, హెచ్చరికలో ఆమెతోను ఉన్నది. ఎందుకనగా, హక్కు కలదని నలుగురును చెప్పిరి గాని, ఎట్టి రాజ్యేతరునిపై, ఎంతవరకు, ఏ రీతిని అను ప్రశ్నలను భవిష్యత్తునకు విడిచిరి. వీథి మూలన బడ్డీకొట్టు నడుపువాడును, కోట్ల జనులు మాటలాడుకొను వేదికను నడుపువాడును ఒక్క గాటనే కట్టబడరాదు గదా.

ఆ రెండవవాని సంగతికి వచ్చెదము. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతాను ఆ సంస్థ నిలిపివేసినది. కారణమొక పాత ఛాయాచిత్రము. 1936లో జర్మనీలోని హాంబర్గు ఓడల కర్మాగారమున జనమంతయు చేతులు చాచి నాజీ వందనము చేయుచుండగా, వారి నడుమ ఒకే ఒక మనిషి చేతులు కట్టుకొని నిలిచిన చిత్రమది. ఆతడు ఆగస్ట్ లాండ్‌మెస్సర్ అని పలువురి అభిప్రాయము. నాజీలను ధిక్కరించిన ఆ చిత్రమును వేదికవారి నియమములు నాజీల చిహ్నముగా లెక్కించినవి. ఖాతాను తిరిగి తెరచి, వెంటనే మరియొక కారణమున మూసివేసిరి. ఈసారి తప్పు ఒక కవితది. హిందీ కవి గోరఖ్ పాండే వ్రాసిన ఆ కవిత, స్వతంత్ర భారతమున ఉరితీయబడిన ఇద్దరు రైతు విప్లవకారులను గూర్చినది. ఆ ఇద్దరు పరాయివారు కారు. మన ఆదిలాబాదు జిల్లా కిష్టాగౌడు, భూమయ్య. అత్యవసర పరిస్థితి నాడు, 1975 డిసెంబరు 1న, హైదరాబాదులోని ముషీరాబాదు జైలులో, నేడు గాంధీ ఆసుపత్రి నిలిచియున్న ఆవరణలో, వారిని ఉరితీసిరి. ఉరిని నిరసించిన కవితను ఉరికి ప్రేరణగా యంత్రమో, యంత్రమువంటి గుమాస్తాయో చదివెను. హెగ్డే ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిరి. పేరు మోసిన న్యాయవాది గనుక ఆశ్రయింపగలిగిరి. మండల కేంద్రములో కూర్చుండి నాటుకోళ్ల పెంపకమును గూర్చియో, తన ఊరి శాసనములను గూర్చియో వ్రాసికొను మాస్టారుకు ఇదే గతి పట్టినచో, నియమోల్లంఘనము జరిగినదను ఒక్క వాక్యము తప్ప ఆయనకు మిగులునదేమి?

ప్రతిపక్షము వాదమును ఇచ్చట దాచుట ధర్మము కాదు. సంపాదకునికి నిరాకరించు స్వేచ్ఛ లేనిచో పత్రిక పత్రిక కాదు, నోటీసు బల్ల. తమ్ము విమర్శించిన పత్రికలో సమాధానము వేయించుకొను హక్కును ఎన్నికల అభ్యర్థులకు ఇచ్చిన ఫ్లోరిడా చట్టమును 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా కొట్టివేసినది. సంపాదకుడిగా పనిచేసినవాడను గనుక ఆ తీర్పు నాకు సమ్మతమే. సామాజిక మాధ్యమ కంపెనీలు ఇప్పుడు ఆ గొడుగు క్రిందికే వచ్చి నిలుచుచున్నవి. 2024 జూలైలో, ఫ్లోరిడా, టెక్సస్ రాష్ట్రముల చట్టములపై వచ్చిన వ్యాజ్యములో, ఏ రచనను పైకి తేవలెను, దేనిని తొలగింపవలెను అను కూర్పు సైతము ఒక విధమగు సంపాదకత్వమే అను భావమునకు ఆ న్యాయస్థానము మొగ్గినది. కాని ఈ కంపెనీలే, పరువునష్టపు దావా వచ్చిననాడు, మేము సంపాదకులము కాము, ఉత్తరములు మోయు తపాలా బంట్రోతులము మాత్రమే అని మన సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షను చాటున చేరును. నిందకు బంట్రోతు, నిర్ణయమునకు సంపాదకుడు! పత్రికా సంపాదకుని పేరు ప్రతిదినము ఇంప్రింటులో అచ్చగును. తప్పు వ్రాసిన జైలునకు పోవువాడు ఆతడే. ఆ బాధ్యత లేని చోట ఆ గౌరవమును మాత్రము కోరుట రెండు పడవలపై కాళ్లుంచుట.

అయితే కంపెనీ కాలు సరిదిద్దుటకు ప్రభుత్వము చేయి చాచునప్పుడు మరింత జాగ్రత్త వలయును. ఆ సమాచార సాంకేతిక చట్టము క్రింద చేసిన మన 2021 నియమములు, 50 లక్షలకు మించి సభ్యులు గల వేదిక ఒక రచనను తనంత తాను తొలగించునప్పుడు కారణము చెప్పి, ఎదురు చెప్పుకొను అవకాశమీయవలెననినవి. 2022 సవరణము మరియొక మెట్టు పైకెక్కి, 14, 19, 21 అధికరణముల హక్కులను కంపెనీలు గౌరవింపవలెనని వ్రాసినది. అక్షరములు బంగారము. కాని ఫిర్యాదుపై అప్పీలు వినువారెవరు? అధ్యక్షుడును ఇద్దరు సభ్యులును గల సంఘములు. ముగ్గురిని నియమించునది కేంద్ర ప్రభుత్వమే. రొట్టెముక్కకై పోరాడిన పిల్లుల తగవు తీర్చవచ్చిన కోతి కథ చిన్ననాడు చదువని తెలుగువాడు లేడు. ఆ మరుసటి సంవత్సరమే ప్రభుత్వము, తన్ను గూర్చిన వార్తలలో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చుటకు తన విభాగమునే ఏర్పరచు నియమము తెచ్చుకొనగా, 2024లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేయవలసి వచ్చినది. ఇదిగాక అదే చట్టము 69ఎ సెక్షను క్రింద ఖాతాలను మూయించు ఆజ్ఞలు గోప్యముగా ఉంచవలెనని 2009 నియమములు శాసించుచున్నవి. ప్రభుత్వము చెవిలో చెప్పును, కంపెనీ చేతితో చేయును. గొంతు పట్టుబడినవానికి చేయి ఒక్కటే కనిపించును. ఆజ్ఞ ఎవరిదని అడిగిన ఇరువురును ఎదుటివానిని చూపుదురు.

కావున ప్రైవేటు వ్యాపారము హక్కును హరింపగలదా అనిన, హరింపగలదు, హరించుచున్నది అనియే నా సమాధానము. కాని మందు యజమాన్యమును బట్టి గాక, వెళ్లగొట్టబడినవానికి వేరు త్రోవ ఉన్నదా లేదా అను దానిని బట్టి కొలిచి వేయవలెను. పత్రిక కాదనినచో మరియొక పత్రిక కలదు, దానిని విడువుడు. ఉపాధియు, బంధుమిత్రులును, పాఠకులును ఒక్క ద్వారముననే వచ్చుపోవు వేదిక తలుపు మూసినప్పుడు మాత్రము యజమానిపై కొన్ని ధర్మములు పడవలెను. అతడు ప్రతి చెత్తను మోయవలెనని నేననను. దూషణలను, బెదిరింపులను ఊడ్చిపారవేయుటకు అతనికి చీపురు ఉండవలసినదే. అయితే ఏ వాక్యము ఏ నియమమును దాటినదో మనిషి భాషలో, మనిషి చేత, చెప్పించవలెను. తెలుగులో వ్రాసినదానిని తెలుగు వచ్చినవాడు చదివి చెప్పవలెను. సామెతను బెదిరింపుగా, వెటకారమును ద్వేషముగా చదువు యంత్రముతో ఏమని వాదించుట? అప్పీలు వినువాడు కంపెనీ జీతగాడును, మంత్రిత్వశాఖ నియమించినవాడును కాక, న్యాయవ్యవస్థ ఏర్పరచినవాడై యుండవలెను. అన్నిటికంటె ముందు, ఖాతా మూసిననాడే అందులోని వ్రాతలును, చిత్రములును, ఉత్తరములును వ్రాసినవానికి తిరిగి ఈయవలెను. అద్దె బాకీకి ఇల్లు ఖాళీ చేయించిన కఠినుడగు యజమాని సైతము చాపయు, చెంబును, పిల్లల పుస్తకములును వీథి అరుగుపైనైనను పెట్టించును గాని, వానిని లోపల ఉంచుకొని తాళము వేసికొని పోడు.